ఖాళీ కుర్చీని ఏడిపించకు

అమ్మా,

నీ వ్యాసం అందింది. వాక్యం బాగానే నడుస్తోంది. కానీ వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలోని, అమెరికాలో షేకర్లనే నిరాడంబర క్రైస్తవ సమాజం వాళ్ల కుర్చీని గీసిన ఆ నీటిరంగుల చిత్రాన్ని "ఎవరి రాక కోసమో ఎదురుచూస్తున్న ఖాళీ కుర్చీ" అని నువ్వు వర్ణించిన చోట నాకు ఒళ్లు మండింది. ఖాళీ కుర్చీ కనబడితే చాలు, అందులో ఒక మరణాన్ని కూర్చోబెట్టకుండా మన రచయితలు వదలరు. షేకర్లు మాత్రం ఖాళీ కుర్చీని గోడ పొడవునా ఉన్న చిలక్కొయ్యలకు తగిలించి, కింద నేల ఊడ్చుకునేవారు!

1935 తరువాతి మాంద్యపు రోజుల్లో పని లేని చిత్రకారులకు అమెరికా ప్రభుత్వం జీతాలిచ్చి, పాత చేతిపని వస్తువులను ఉన్నవి ఉన్నట్టుగా గీయించిన 18,000 పైచిలుకు బొమ్మల్లో అది ఒకటి. రంగుల ఫొటోలు నిలవవన్న అనుమానంతో ఆ పనిని నీటిరంగులకు అప్పగించారు. అందుకే అందులో గది లేదు, కిటికీ లేదు. తెల్ల కాగితం మీద కుర్చీ, దాని నీడ, అంతే. చిత్రకారుడు అంత నిగ్రహం చూపిన చోట నువ్వెందుకమ్మా కన్నీరు కలుపుతావు?

దానికి బదులు, అడ్డకర్ర కాలిలోకి దిగిన చోట ఆ సన్నని నీడగీతను చూడవలసింది. నిచ్చెన వీపు కుర్చీలు చేసే పాత పద్ధతిలో కాళ్లకు ఇంకా పచ్చి ఆరని కర్రను, అడ్డకర్రలకు బాగా ఎండినదాన్ని వాడతారు. కాళ్లు ఆరుతూ కుంచించుకుపోయి అడ్డకర్రలను తామే బిగించి పట్టుకుంటాయి. ఇక నువ్వు "గుడ్డ సీటు" అని తేల్చేసినది రెండు రంగుల పట్టీలతో గళ్లుగా నేసిన అల్లిక. నవారు మంచం మీద పడుకున్నవాళ్లకు దాన్ని వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

నవారు అంటే గుర్తొచ్చింది. నా ఇరవై రెండో ఏట మా తాతగారి మంచం మీద ఒక వ్యాసం రాసి, నవారు ఎలా లాగి బిగించాలో అందులో పేజీ నిండా చెప్పాను. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ పేజీ మొత్తం కొట్టివేసి, తాతగారు పోయిన పేరా మాత్రం అచ్చువేసి, "కంటతడి పెట్టించారు" అని కార్డు రాశాడు. ఆయనను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు మళ్లీ ఆ బొమ్మ దగ్గరికి వెళ్లు. వెనక్కి వాలి కూర్చునేవాళ్ల వల్ల నేల గీరుకుపోకుండా షేకర్లు కొన్ని కుర్చీల వెనుక కాళ్లకు అటూ ఇటూ తిరిగే కొయ్యబంతులు అమర్చేవారు. లోహంతో చేసిన రకానికి 1852లో పేటెంటు కూడా తీసుకున్నారు. నీ బొమ్మలో అవి ఉన్నాయో లేదో, ఉంటే వాటి మీద వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో చూసి నాకు రాయి.

ఆశీస్సులతో.