బీరు రుచి మారుతోంది, ట్యాంకులో ఏం పోయాలి?

ఈ నెల ప్రశ్నల్లో ఎక్కువ భాగం సొంతంగా బీరు తయారుచేసి అమ్మే బ్రూపబ్బుల నుంచి వచ్చినవే. అన్నిట్లోనూ ఒకటే గొడవ: నిరుడు ఎగబడి తాగిన బీరును ఈ ఏడు ఎవరూ అడగడం లేదు.

ప్రశ్న: మాది గచ్చిబౌలిలో పబ్బు. వెయ్యి లీటర్ల ట్యాంకులు ఆరున్నాయి. గోధుమ బీర్లు హెఫెవైజన్, విట్ బాగానే పోతున్నాయి. చేదెక్కువ ఉండే ఐపీఏ సగం ట్యాంకు మిగిలిపోతోంది. వచ్చినవాళ్లు ‘లైట్‌గా ఏముంది?’ అంటున్నారు. ఐపీఏలో చేదు తగ్గిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. చేదు తగ్గించిన ఐపీఏ ఐపీఏ ప్రియులకు నచ్చదు, లైట్ అడిగినవాళ్లకు బరువుగానే ఉంటుంది. వాళ్లు కోరేది చేదు తక్కువ ఒక్కటే కాదు. మింగాక నోట్లో తీపి మిగలకూడదు, రెండో గ్లాసుకే కడుపు నిండిపోకూడదు. దానికి బియ్యం వేసిన లాగర్ (మామూలుగా చల్లదనంలో నెమ్మదిగా తయారయ్యే తేలిక బీరు) సరైన మందు. పెద్ద కంపెనీలు ఖర్చు కలిసొస్తుందని బియ్యం వేస్తాయి కాబట్టి చాలామంది బ్రూవర్లు దాన్ని చిన్నచూపు చూస్తారు. ఆ చిన్నచూపు పక్కన పెట్టండి.

వెయ్యి లీటర్లకు పిల్స్‌నర్ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) 130 కిలోలు, నూకలు 40 కిలోలు. ఆరంభ సాంద్రత (పులియకముందు, నీటితో పోల్చి) 1.044 దగ్గర వస్తుంది, పులిశాక 1.007కి దిగితే ఆల్కహాల్ 4.8 శాతం. నూకల్ని మాల్ట్‌తో కలిపి నేరుగా 64 డిగ్రీల మాష్‌లో (మాల్ట్, వేడినీళ్ల మిశ్రమంలో) వేస్తే లాభం లేదు. బియ్యపు పిండిపదార్థం ఉబ్బి విచ్చుకోవడానికి అంతకన్నా ఎక్కువ వేడి కావాలి. అందుకే ముందు విడిగా ఉడికించాలి. 40 కిలోల నూకలకు 4 కిలోల మాల్ట్ (ఆ 130లోంచే), 180 లీటర్ల నీళ్లు కలిపి 70 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచి, తర్వాత కలుపుతూ 20 నిమిషాలు మరిగించండి. ఆ కాస్త మాల్ట్ మానేస్తే గిన్నెలో సంకటి తయారవుతుంది, అడుగంటుతుంది, ఆ మాడు వాసన బీరులోంచి పోదు. మిగతా మాల్ట్‌ను సుమారు 380 లీటర్ల నీళ్లతో 50 డిగ్రీల దగ్గర సిద్ధంగా ఉంచి, మరిగిన నూకల్ని అందులోకి వదిలితే మొత్తం 64 దగ్గర కుదురుకుంటుంది. ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తే వేడి చేసి సరిచేయండి.

విడిగా ఉడికించే పాత్ర లేకపోతే అటుకులు వాడండి. అవి ముందే ఉడికి ఉంటాయి కాబట్టి నేరుగా మాష్‌లో వేయొచ్చు. కొత్త సరుకే కొనండి. పాతబడి ముక్కిన వాసన వచ్చిన అటుకుల్లోని నూనె నురగను నిలవనీయదు.

బియ్యానికి పొట్టు ఉండదు, అందుకే వడకట్టేటప్పుడు మాష్ బిగుసుకుపోతుంది. కడిగి ఆరబెట్టిన ఊక 4, 5 కిలోలు కలిపితే ధార ఆగదు. బియ్యంలో ఈస్ట్‌కు కావలసిన నత్రజని కూడా తక్కువ. ఈస్ట్ పోషకం వేయండి, జింక్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండేలా చూడండి. చేదు 12 నుంచి 15 ఐబీయూ (చేదును కొలిచే ప్రమాణం) దాటనివ్వొద్దు.

‘లాగర్ అంటే ఆరు వారాలు ట్యాంకు కట్టేసుకోవడమే కదా’ అని మీరు అడక్కముందే చెప్తాం. డబ్ల్యూ-34/70 అనే లాగర్ ఈస్ట్ 18 డిగ్రీల్లోనూ చెప్పుకోదగ్గంత శుభ్రంగా పులుస్తుంది. కిలో ఈస్ట్‌ను 16 డిగ్రీల్లో వేసి, మర్నాటి నుంచి వాల్వు బిగించి ఒక బార్ ఒత్తిడిలో 18 డిగ్రీల్లో నడిపితే వారంలో పులియడం ముగుస్తుంది. తర్వాత రెండు వారాలు ఒక డిగ్రీ దగ్గర చల్లారనివ్వండి. అంతా మూడు వారాలు. ముందుగా మీ ట్యాంకు ఎంత ఒత్తిడికి తయారైందో దాని పలక మీద చూసి, రిలీఫ్ వాల్వు పనిచేస్తోందో లేదో పరీక్షించండి. ఆ పలక కనిపించని ట్యాంకులో ఈ పద్ధతి వద్దు.

ప్రశ్న: బెంగళూరులో హేజీ ఐపీఏ (మసకగా ఉండే రకం) చేస్తున్నాం. మొదటి వారం మామిడి, నారింజ వాసనలతో గుమగుమలాడుతుంది. రెండో వారానికి రంగు బూడిద తిరిగి, తడిసిన అట్టపెట్టె వాసన వేస్తోంది. ఒక్కోసారి వెన్న వాసన కూడా. హాప్స్ మంచివి కావా?

జవాబు: బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్ పూలను అనకండి. ఇక్కడ రెండు జబ్బులున్నాయి.

రంగు, అట్టపెట్టె వాసన ఆక్సిజన్ పని. లీటరుకు 8, 10 గ్రాముల డ్రై హాప్ (మరిగించకుండా నేరుగా ట్యాంకులో వేసే హాప్స్) పడిన బీరులో ఆక్సిజన్‌తో కలిసి రంగు మార్చే పదార్థాలు మెండు. పైమూత తీసి పెల్లెట్లు గుమ్మరించినప్పుడు ఒకసారి, ట్యాంకులోంచి సర్వింగ్ ట్యాంకుకు మార్చేటప్పుడు ఇంకోసారి గాలి చేరుతుంది. రెండోదే ఎక్కువ చెరుపు చేస్తుంది. సర్వింగ్ ట్యాంకును అంచుదాకా నీళ్లతో నింపి, ఆ నీళ్లను కార్బన్ డయాక్సైడ్‌తో బయటికి తోసి, అప్పుడు బీరు ఎక్కించండి. కాసేపు గ్యాస్ వదిలి ‘పర్జ్ అయిపోయింది’ అనుకోవడం చాలదు. బీరును కంప్రెసర్ గాలితో తోస్తుంటే ఈ రోజే మానేయండి. కరిగిన ఆక్సిజన్ 50 పీపీబీ (వందకోట్ల భాగాల్లో 50) లోపు ఉంటే మీ బీరు నెల నిలబడుతుంది.

వెన్న వాసన డైఅసిటిల్‌ది. హాప్స్‌లోని ఎంజైములు బీరులో మిగిలిన పెద్ద చక్కెరల్ని విడగొడతాయి, ఈస్ట్ మళ్లీ మేల్కొంటుంది, డైఅసిటిల్‌గా మారబోయే పదార్థాన్ని వదులుతుంది. ఆ దశలో మీరు ట్యాంకును చల్లబరిస్తే ఈస్ట్ దాన్ని తిరిగి శుభ్రం చేయదు. కాబట్టి డ్రై హాప్ తర్వాత వరసగా మూడు రోజులు సాంద్రత కదలకుండా ఉండాలి. ఆపైన ఈ పరీక్ష: రెండు సీసాల్లో బీరు తీసుకోండి. ఒకటి మూతపెట్టి 60 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి చల్లార్చండి, రెండోది అలాగే ఉంచండి. వేడి చేసిన దాంట్లో సినిమా హాలు పాప్‌కార్న్ వాసన వస్తే ఇంకా ఆగాలి. రెంటిలోనూ రాకపోతేనే చల్లబరచండి.

ప్రశ్న: వేసవికి మామిడి సోర్ (పుల్లటి బీరు) పెట్టాలనుకుంటున్నాం. బంగినపల్లి రసం వాడాలా, డబ్బా గుజ్జు వాడాలా? పోయినసారి కుళాయి తిప్పితే అంతా నురగే.

జవాబు: చిత్తూరు వైపు తయారయ్యే తోతాపురి గుజ్జు తీసుకోండి. పులుపు ఉంటుంది, చిక్కదనం ఉంటుంది, వేడిచేసి నింపింది కాబట్టి అడవి ఈస్ట్ బెడద ఉండదు. బంగినపల్లి పండుగా తినడానికే బాగుంటుంది. పులిశాక దాని సువాసన ఆ ధరకు తగినంత మిగలదు.

ముందు సోర్ సంగతి. వార్ట్ (మాష్ నుంచి వడకట్టిన తీపి ద్రవం) తీశాక ఒకసారి మరిగించి 36 డిగ్రీలకు చల్లార్చి, లాక్టిక్ యాసిడ్‌తో పీహెచ్ 4.5కి దింపి, అప్పుడు పులుపు తెచ్చే బ్యాక్టీరియా లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ వేయండి. ఈ దశలో ఒక్క హాప్ పెల్లెట్ కూడా పడకూడదు. ఒకటి రెండు రోజుల్లో పీహెచ్ 3.3కి వస్తుంది. పీహెచ్ ముందే దింపకపోతే వేరే బ్యాక్టీరియా పెరిగి వాంతి వాసన తెస్తుంది, అది వచ్చాక పారబోయడమే గతి. 3.3 రాగానే పావుగంట మరిగించి, చల్లార్చి, ఈస్ట్ మామూలుకన్నా సగం ఎక్కువ వేయండి.

ఇప్పుడు లెక్క. వెయ్యి లీటర్ల బీరుకు 15 బ్రిక్స్ (నూటికి 15 వంతులు కరిగిన పదార్థం, ఎక్కువగా చక్కెర) గుజ్జు 100 కిలోలు కలిపితే సుమారు 14 కిలోల చక్కెర చేరుతుంది, అది పులిస్తే సుమారు 9 లీటర్ల ఆల్కహాల్. మీ బీరు అప్పటికే 4.8 శాతం ఉంటే కలిపాక 5.2 అవుతుంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణాల్లో 5 దాటితే అది స్ట్రాంగ్ బీరు. అందుకే మూల బీరును 4.3 దగ్గర కట్టండి, చివరికి 4.75 దగ్గర ఆగుతుంది.

మీ నురగకు కారణం కూడా ఈ చక్కెరే. గుజ్జు వేసిన వెంటనే చల్లబరిచి ఉంటారు, సర్వింగ్ ట్యాంకులో అది మెల్లగా పులుస్తూనే ఉంది. ప్రధాన పులియడం ముగిసే వేళ, నాలుగో రోజున గుజ్జు వేసి 20 డిగ్రీల్లో ఐదు రోజులు వదిలేయండి. తీపి మిగలాలంటే, పోసే ముందు గ్లాసులో సిరప్ కలపండి. ట్యాంకులో మిగల్చకండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం, చిన్న బ్రూవరీలో వాటా ఉంది. మందు మానేసిన మిత్రులు ఎక్కువయ్యారు. ఆల్కహాల్ లేని బీరును కుళాయిలో పెట్టొచ్చా?

జవాబు: కుళాయిలో వద్దు, డబ్బాల్లో పెట్టండి. మామూలు బీరును కాపాడేవి ఆల్కహాల్, తక్కువ పీహెచ్, హాప్స్, ఈస్ట్ తినేయగా చక్కెర మిగలకపోవడం. ఇందులో ఆల్కహాల్ ఉండదు, చక్కెర నిండుగా ఉంటుంది. పక్క కుళాయి గొట్టంలోంచి రెండు మూడు ఈస్ట్ కణాలు చేరినా పులిసిపోతుంది, అమెరికాలో నాన్ ఆల్కహాలిక్ అనడానికి ఉన్న 0.5 శాతం గీత దాటుతుంది. అంతకన్నా ప్రమాదం రోగకారక బ్యాక్టీరియా. చేసేవిధం కష్టం కాదు: 75 డిగ్రీలు దాటిన మాష్, 1.024 సాంద్రత, మాల్టోజ్ (మాల్ట్ చక్కెర) తినని ఈస్ట్. తప్పనిసరి షరతులు రెండు: పీహెచ్ 4.2 లోపు, డబ్బాలో పాశ్చురైజేషన్. ఆ యంత్రం లేకపోతే బయట మంచి కంపెనీ డబ్బాలు కొని అమ్మడమే మేలు.

ప్రశ్న: ఏ ఫ్యాషన్ నిలుస్తుందో, ఏది పోతుందో ముందే తెలిసే మార్గం ఉందా?

జవాబు: లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2017 చివర పుట్టిన బ్రట్ ఐపీఏ (తీపి అసలు మిగలని రకం) ఏడాదిలో అమెరికా అంతా పాకి, అంతే వేగంగా కనుమరుగైంది. అదే కాలంలో హేజీ స్థిరపడింది. 2024లో అమెరికాలో తెరిచిన క్రాఫ్ట్ బ్రూవరీలకన్నా మూతపడ్డవే ఎక్కువ, కాబట్టి అక్కడి మెనూ చూసి వెయ్యి లీటర్లు నింపేయకండి. 50 లీటర్ల ట్యాంకు ఒకటి కొని కొత్తవన్నీ అందులో చేయండి. బిల్లింగ్ మెషిన్‌లో మొదటి గ్లాసుల లెక్క చూడొద్దు. కొత్తదనం కోసం ఎవరైనా ఒకటి తాగుతారు. అదే టేబుల్ అదే బీరును రెండోసారి ఎన్నిసార్లు అడిగిందో లెక్కపెట్టండి. ముగ్గురిలో ఒకరైనా మళ్లీ అడగకపోతే పెద్ద ట్యాంకు దాకా తీసుకెళ్లొద్దు.