క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: మాది విజయవాడ. 2017 డిసెంబరులో కొన్న 1200 సీసీ పెట్రోలు కారు 82 వేల కిలోమీటర్లు తిరిగింది. చెక్ ఇంజిన్ లైటు ఆరడం లేదు. షోరూమ్‌లో స్కాన్ చేసి పీ0420 కోడ్ వచ్చిందన్నారు. క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలట, కూలితో కలిపి రూ.46 వేలట. ఆటోనగర్‌లో బయటి కంపెనీ పార్టు రూ.13,500కే వేస్తామంటున్నారు. ఇంకో మెకానిక్ లోపలి జాలీ తీసేస్తే రూ.2,500తో సరిపోతుందన్నాడు. లక్ష రూపాయల ఎఫ్‌డీ తప్ప వేరే పొదుపు లేదు. పర్సనల్ లోన్ తీసుకోనా? బీమాలో వస్తుందా? రెండేళ్లలో కారు అమ్మేయాలనుకుంటున్నాం.

జవాబు: రెండేళ్లలో అమ్మే కారుకు అప్పు చేసి 46 వేలు పెట్టకండి. అలాగని 13,500 కట్టడానికీ తొందరపడొద్దు. ముందు వెయ్యి, పదిహేను వందలు పెట్టి క్యాట్ (పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్) నిజంగానే పోయిందా, పోతే ఎందుకు పోయిందో తేల్చుకోండి.

పీ0420 అంటే క్యాట్ సరిగా పనిచేయడం లేదన్న హెచ్చరిక. అది వచ్చినంత మాత్రాన క్యాట్ పోయినట్టు కాదు. క్యాట్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సార్లుంటాయి. క్యాట్ పనిచేస్తుంటే వెనక సెన్సార్ రీడింగ్ దాదాపు నిలకడగా ఉంటుంది. అదీ ముందుదానిలాగే పైకీ కిందికీ ఊగుతుంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) ఈ కోడ్ వేస్తుంది. ఎగ్జాస్ట్ గొట్టంలో లీకున్నా, వెనక సెన్సార్ చెడినా ఇదే కోడ్ రావచ్చు. కాబట్టి బండి బాగా వేడెక్కాక 2,500 ఆర్పీఎం దగ్గర రెండు సెన్సార్ల గ్రాఫ్ పక్కపక్కన చూపించమనండి. గ్యాస్కెట్ల దగ్గర లీకు చూడమనండి.

క్యాటే పోయిందని తేలితే అసలు కారణం ఇంజిన్‌లో వెతకాలి. 82 వేల కిలోమీటర్లకే అది తనంతట తాను చావడం అరుదు. ప్లగ్గో, కాయిలో సరిగా పనిచేయక మిస్‌ఫైర్ అవుతుంటే, అంటే ఇంజిన్‌లో పెట్రోలు సరిగా మండకపోతుంటే, కాలని పెట్రోలు క్యాట్‌లోకి చేరి అక్కడ మండుతుంది, ఆ వేడికి జాలీ కరిగిపోతుంది. స్కానర్‌లో మిస్‌ఫైర్‌ను సూచించే పీ0300 నుంచి పీ0304 దాకా ఏ కోడ్ ఉన్నా ముందు దాన్ని బాగుచేయించాలి. లైటు మిణుకుమిణుకుమంటూ వెలిగితే బండి నడపడం ఆపేయండి. ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా అంతే. ఆయిల్‌లోని ఫాస్ఫరస్ జాలీ మీద పొరలా పేరుకుంటుంది. సర్వీసుల మధ్య డిప్‌స్టిక్ మీద మట్టం ఎంత పడిపోతోందో చూసుకోండి. ఈ జబ్బు ఉండగా 46 వేల పార్టు వేసినా, 13 వేల పార్టు వేసినా పాడవడం ఒకేలా పాడవుతుంది.

ఇక లెక్క. రెండేళ్లకు ఒరిజినల్ పార్టు ఏడాదికి రూ.23 వేలు పడుతుంది, బయటిది రూ.6,750. బయటిది మధ్యలో పోయి ఇంకోసారి వేయించినా మొత్తం రూ.27 వేలే. అదే కారును ఇంకో ఏడేళ్లు ఉంచుకుంటే ఒరిజినల్‌కు ఏడాదికి ఆరున్నర వేల పైచిలుకు అవుతుంది. అప్పుడు నేనైనా దానివైపే మొగ్గుతాను. అమ్మేటప్పుడు కొనేవాళ్లు కొత్త క్యాట్‌కని ధర పెంచరు. వెలుగుతున్న చెక్ ఇంజిన్ లైటు చూసి మాత్రం కచ్చితంగా తగ్గిస్తారు.

బయటి పార్టుల్లో తేడా అంతా జాలీ మీద పూసే ప్లాటినం, పలాడియం, రోడియంలో ఉంటుంది. చౌకరకాల్లో ఆ పూత పలచగా ఉంటుంది కాబట్టి మొదట బాగానే ఉండి ఏడాది తిరక్కముందే కోడ్ మళ్లీ రావచ్చు. మీ కారు మోడల్‌కే చేసిన, బీఎస్4 కాలుష్య ప్రమాణాలకు సరిపడే, బోల్టులతో బిగించే పార్టే అడగండి. కోసి వెల్డింగ్ చేసేది వద్దు, అతుకు దగ్గర లీకైతే మళ్లీ అదే కోడ్. చాలా చిన్న కార్లలో క్యాట్ మేనిఫోల్డ్‌తో (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే మొదటి గొట్టాలతో) కలిసే ఉంటుంది, పార్టు నంబరు సరిచూసుకోండి. కొత్త గ్యాస్కెట్లు వేయించండి. పాతవాటికి సిలికాన్ పేస్టు రాసి బిగిస్తే సెన్సార్లు పాడవుతాయి. కనీసం ఏడాది వారంటీ జీఎస్టీ బిల్లు మీద రాయించుకోండి.

లైటు ఆరిందని డబ్బంతా ఇచ్చేయకండి, కోడ్ చెరిపితే ఎవరికైనా ఆరుతుంది. రెండు మూడు వేలు ఆపి, ఓ 200 కిలోమీటర్లు నడిపాక మళ్లీ స్కాన్ చేయించండి. బండి తనంతట తానే క్యాట్‌ను పరీక్షించుకునే క్యాటలిస్ట్ మానిటర్ పూర్తయినట్టు చూపించాలి. పొల్యూషన్ టెస్టు స్లిప్పు కూడా చదవండి. బీఎస్4 పెట్రోలు కారుకు ఐడిల్‌లో (బండి నిలిపి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు.

జాలీ తీసేయించే మాట మర్చిపోండి. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం 182ఏ(4) కింద ఓనరుకు ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కాలుష్య ప్రమాణాలు మీరితే 190(2) కింద రూ.10 వేల వరకు జరిమానా వేరే.

బీమాలో రాదు. అరుగుదల, యాంత్రిక లోపం పాలసీ పరిధిలోకి రావు. ఎవరైనా దొంగతనమని రాయిద్దామంటే వినకండి. నిజంగా ఎవరైనా కోసుకుపోతే సమగ్ర పాలసీలో క్లెయిమ్ చేయొచ్చు కానీ, ఐదేళ్లు దాటిన కారుకు లోహపు పార్టుల మీద 40 శాతం తరుగుదల, 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత రూ.1,000 పోతాయి. నో క్లెయిమ్ బోనస్ కూడా సున్నా అవుతుంది. ఓన్ డ్యామేజ్ (మీ సొంత కారు నష్టానికి కట్టే) ప్రీమియం రూ.7 వేలుండి మీకు 50 శాతం బోనస్ ఉంటే, మళ్లీ ఆ మెట్టు ఎక్కేలోపు ఐదేళ్లలో అదనంగా కట్టేది రూ.8,750.

46 వేలకు 16 శాతం మీద రెండేళ్ల లోన్ తీసుకుంటే నెలకు రూ.2,250 చొప్పున వడ్డీకే ఎనిమిది వేలు పైన పోతాయి. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. మీకు కావలసింది పరీక్ష, ప్లగ్గులతో కలిపి 17 వేల దాకా. ఎఫ్‌డీని కదపకుండా దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ ఉంటుంది. ఆరు నెలల్లో తీర్చేస్తే అయ్యే వడ్డీ నాలుగైదు వందలే. విప్పిన పాత క్యాట్‌ను షెడ్డులో వదిలేయకండి. లోపలి లోహాల కోసం దాన్ని కొనేవాళ్లున్నారు, ఆ డబ్బు బిల్లులో తగ్గించమనండి.