సాకెట్ మారిస్తే సౌండ్ బాగుపడుతుందన్నారు, బాగుపడలేదు: డబ్బు వెనక్కి అడగవచ్చా?

ప్రశ్న: నా ఆడియో సిస్టం కోసం గోడకున్న సాకెట్ తీయించి, ఆన్‌లైన్‌లో కొన్న ఖరీదైన విదేశీ సాకెట్ పెట్టించాను. బంగారు పూత, 'హాస్పిటల్ గ్రేడ్' అని రాశారు. 'నాయిస్ సగానికి తగ్గుతుంది, బేస్ లోతుగా వినిపిస్తుంది, గ్యారంటీ' అని ప్రకటనలో ఉంది. నాకు ఏ తేడా తెలియలేదు. అడిగితే, తేడా తెలియాలంటే 200 గంటలు వాడాలన్నారు. వాడేసరికి వాపసు గడువు దాటింది. ఇప్పుడేమో 'మీ సిస్టం చాలదు, తేడా మీ చెవికి అందట్లేదు' అంటున్నారు. నా చెవికి వినిపించలేదని నేనెలా నిరూపించాలి?

జవాబు: మీ చెవుల గురించి మీరు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఈ గొడవలో అడగాల్సిన ప్రశ్న 'మీకు వినిపించిందా' అన్నది కాదు. 'ఏ పరీక్ష చేసి ఆ మాట రాశారు' అన్నది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అమ్మినవాళ్లు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(47) చదవండి. వస్తువు పనితీరు గురించి తగిన పరీక్ష లేకుండా గ్యారంటీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. పరీక్ష చేశామని అవతలివాళ్లు వాదిస్తే, దాన్ని రుజువు చేసే భారం వాళ్లదేనని అక్కడే స్పష్టంగా ఉంది. ఇక సెక్షన్ 2(10) ప్రకారం, అమ్మేవారు చెప్పుకున్న నాణ్యత వస్తువులో లేకపోవడం కూడా లోపమే. సాకెట్ విరగాలనో కాలాలనో లేదు.

అయితే ప్రకటనలో ప్రతి మాటా మీకు పనికిరాదు. 'బేస్ లోతుగా వినిపిస్తుంది' అన్నదాన్ని మామూలు పొగడ్త అని వాళ్లు తోసిపుచ్చగలరు. 'నాయిస్ సగానికి తగ్గుతుంది' అన్నది అలా కాదు. అది కొలవగలిగిన మాట. యాంప్లిఫయర్ అవుట్‌పుట్ దగ్గర పాత సాకెట్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి నాయిస్ కొలిస్తే తేలిపోతుంది. అమ్మినవాళ్లకు మీరు పంపే నోటీసు మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నిలబెట్టండి. వినికిడి పరీక్ష చేశామంటే, ఏది ఏ సాకెట్టో వినేవారికీ మార్చేవారికీ తెలియకుండా, వాల్యూమ్ సమానంగా ఉంచి చేశారా అని అడగండి. అలాంటి ఏబీఎక్స్ పద్ధతి గురించి ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో 1982లోనే వ్యాసం వచ్చింది. కొత్తగా వచ్చిన నియమమేమీ కాదు.

సాంకేతికంగా కూడా వాళ్ల మాట బలహీనమే. గోడలోంచి వచ్చే కరెంటులో పాట ఉండదు. యాంప్లిఫయర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి మారుస్తుంది, రెక్టిఫయర్ దాన్ని డీసీ చేస్తుంది, కెపాసిటర్లు హెచ్చుతగ్గులను సరిచేస్తాయి. వీధి లైను నుంచి గోడలోని వైరు దాకా అంతా పాతదే ఉండగా, చివర్లో కొన్ని సెంటీమీటర్ల లోహానికి బంగారు పూత పూసి పాట మారుతుందంటే, మారిందని చూపించాలి కదా.

ఒక్క సందర్భంలో వాళ్లకు పట్టు దొరుకుతుంది. పాత సాకెట్ వదులైపోయి చిటపటలాడుతున్నా, మాడినా, ఎర్త్ సరిగా అందకపోయినా, కొత్తది పెట్టాక గురగుర తగ్గవచ్చు. కానీ అది మామూలు కొత్త సాకెట్‌తోనూ తగ్గుతుంది. మీ పాతది బాగానే ఉండేదని ఎలక్ట్రీషియన్ చేత రాయించి సంతకం తీసుకోండి.

200 గంటల మాట నాకు అన్నిటికన్నా తప్పుగా కనిపిస్తోంది. వాపసు గడువు దాటేదాకా మిమ్మల్ని ఆపింది వాళ్ల సలహానే. ఆ సలహా చాట్‌లోనో మెయిల్‌లోనో ఉంటే మీ కేసులో అదే గట్టి కాగితం. ఫోన్‌లో చెప్పి ఉంటే, 'ఫలానా రోజు మీరు ఇలా చెప్పారు' అని ఇవాళే మెయిల్ పెట్టండి. సైట్‌లో రాసుకున్న వాపసు గడువు దాటినంత మాత్రాన మీ చట్టపరమైన హక్కు పోదు. కారణం ఏర్పడిన నాటి నుంచి ఫిర్యాదుకు 2 ఏళ్ల గడువు ఉంది (సెక్షన్ 69).

ముందు ఆ సైట్ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పి, నెలలోపు పరిష్కరించాలి. కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు నివసించే చోటే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి: కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపితే ఆ ఖర్చు ముందుగా మిమ్మల్నే కట్టమనవచ్చు. అందుకే పరీక్ష నివేదిక చూపమని నోటీసులోనే గట్టిగా అడగమంటున్నాను. సాకెట్ ధర, పెట్టించిన కూలి, ఖర్చులు అడగండి. మానసిక వేదన పేరుతో పెద్ద మొత్తం రాస్తే అసలు వాదన పలచబడుతుంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని వెంటనే చేయండి. 'హాస్పిటల్ గ్రేడ్' సాకెట్లలో చాలావాటిని అమెరికా పద్ధతిలో 125 వోల్టుల కోసం చేస్తారు. ఆ గ్రేడ్ ప్లగ్‌ను గట్టిగా పట్టుకోవడానికి, ఎర్త్ నమ్మకంగా అందడానికి సంబంధించినది. సౌండ్‌కు దానితో పనిలేదు. మన సరఫరా 230 వోల్టులు. సాకెట్ మీద 125 అని ఉంటే దాన్ని వాడకండి. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత తీయించండి. అలాంటిది మన ఇళ్లకు అమ్మడమే మీ కేసులో రెండో లోపం అవుతుంది, సౌండ్ వాదన కన్నా తేలిగ్గా రుజువవుతుంది. తీసే ముందు గోడకు ఉండగానే, అంకెలు కనిపించేలా ఫోటోలు తీసుకోండి. అట్టపెట్టె, బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్ కూడా దాచండి. ప్రకటనను వాళ్లు ఎప్పుడైనా మార్చేయగలరు కాబట్టి స్క్రీన్‌షాట్ పని ఈ రాత్రే చేయండి.