ఫండ్ మానేసి నేరుగా పెడితే?

ప్రశ్న: ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ల (ఎక్కువగా స్టాక్ మార్కెట్‌లో లేని కంపెనీల్లో పెట్టే ఫండ్ల) ఫీజులు భారమవుతున్నాయి. నేరుగా కంపెనీల్లోనే వాటా కొనడం మేలా?

జవాబు: మీ బాధ న్యాయమైనదే. సాధారణంగా ఏటా 2 శాతం ఫీజు, పైగా లాభంలో 20 శాతం ఫండ్ నిర్వాహకులకే పోతుంది. నేరుగా కొంటే అది మీకే మిగులుతుంది. కానీ మీ డబ్బంతా రెండు మూడు కంపెనీల్లోనే ఉంటే, ఒకటి మునిగినా దెబ్బ గట్టిగా తగులుతుంది. వాటాదారుల ఒప్పందాలు ఏళ్లుగా చదువుతున్నాను. నాకు టెన్షన్ పెట్టేది కొన్న ధర కాదు, బయటపడే దారి. ప్రమోటర్ తన వాటా అమ్మినప్పుడు మీదీ అదే ధరకు అమ్ముకునే హక్కు రాతలో లేకపోతే సంతకం పెట్టకండి. కెనడా పెన్షన్ ఫండ్లు నేరుగా పెడుతున్నాయంటే వాటికి సొంత నిపుణులున్నారు. మీకు లేకపోతే, మీ ఫండ్‌నే కో-ఇన్వెస్ట్‌మెంట్ అడగండి, అంటే అది కొనే ఒక కంపెనీలో దానితో పాటు మీరూ విడిగా డబ్బు పెట్టే అవకాశం. దానికి ఫీజు చాలాసార్లు తక్కువ. ఆ డీల్‌లో ఫండ్ తన సొమ్ము ఎంత పెడుతోందో మాత్రం ముందే తెలుసుకోండి.