తెలిసిన పాటను పట్టుకునే రాక్‌లోకి వెళ్లు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పాత ఇంగ్లిష్, అమెరికన్ జానపద గీతాలు పాడుకునే నీకు ఈమధ్య అరవైల నాటి రాక్ బ్యాండ్ల మీదికి మనసు పోతోందనీ, నీతో పాడే స్నేహితులకు అది నచ్చడం లేదనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ రాశావు. నేనూ ఆ దారినే వెళ్లినవాణ్ణి. నాకు చాలా సంతోషం కలిగింది.

ముందుగా, ‘వంద గొప్ప రాక్ పాటలు’ వంటి జాబితాల జోలికి పోకు. నీకు కంఠతా వచ్చిన పాటతోనే మొదలుపెట్టు. ‘హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ నువ్వు పాడతావు కదా. 1937లో జానపద గీతాల సేకర్త ఆలన్ లోమాక్స్ అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలోని మిడిల్స్‌బరోలో జార్జియా టర్నర్ అనే పదహారేళ్ల అమ్మాయి చేత ఆ పాట పాడించి రికార్డు చేశాడు. మొదట అది విను. తరువాత జానపద గాయకుడిగా మొదలైన బాబ్ డిలన్ 1962లో తన తొలి ఆల్బమ్‌లో పాడింది విను. ఆ తరువాతే 1964 నాటి యానిమల్స్ దగ్గరికి రా. ఆ అమ్మాయి పాటలో చెడిపోయింది ఆడపిల్ల. న్యూకాజిల్ నుంచి వచ్చిన ఈ బ్యాండు దాన్ని ఒక కుర్రవాడి కథగా మార్చింది. హిల్టన్ వాలెంటైన్ గిటారు తీగలను ఒక్కొక్కటిగా విడదీసి మీటుతుంటే, అది నీ చేతివేళ్లకు పరిచయమైన పనే అని వెంటనే తెలుస్తుంది. అలన్ ప్రైస్ ఆర్గన్ పైకి లేచేసరికి మాత్రం నువ్వు కొత్త చోట ఉంటావు. ఏది గొప్పదని తేల్చే పని పెట్టుకోకు. ఒక్కొక్కరూ ఏది ఉంచారు, ఏది వదిలారు అన్నది గమనించు. ఆ రికార్డు మీద కూర్పు చేసినవాడిగా ప్రైస్ పేరు ఒక్కటే పడింది, మిగతావాళ్లు చాలాకాలం బాధపడ్డారు. నువ్వు పాత పాట ఏది పాడినా, ఎవరి దగ్గర విని నేర్చుకున్నావో సభలో చెప్పడం అలవాటు చేసుకో.

తరువాత బర్డ్స్ అనే అమెరికన్ బ్యాండు. అందులో గిటారు వాయించే రోజర్ మెగ్విన్ షికాగోలోని ఓల్డ్ టౌన్ స్కూల్ ఆఫ్ ఫోక్ మ్యూజిక్‌లో బ్యాంజో నేర్చుకున్నవాడు, జానపద బృందాల వెనుక వాయించినవాడు. 1964లో బీటిల్స్ సినిమాలో జార్జ్ హారిసన్ చేతిలోని పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటారు చూసి, అలాంటిదే తెచ్చుకున్నాడు. ఆ గిటారు మీద అతను వాయించే తీరులో బ్యాంజో వేళ్లు దాగి ఉంటాయి. వినడంతో సరిపెట్టకు, నీ గిటారు మీద మెల్లగా వాయించి చూడు. చెవి పట్టుకోలేనిది చెయ్యి పట్టుకుంటుంది. ‘టర్న్! టర్న్! టర్న్!’లో మాటలు దాదాపు అన్నీ బైబిల్‌లోని ప్రసంగి గ్రంథానివే. జానపద గాయకుడు పీట్ సీగర్ వాటికి బాణీ కట్టాడు, 1965 డిసెంబరుకల్లా బర్డ్స్ ఆ పాటను అమెరికాలో మొదటి స్థానానికి చేర్చారు. వెల్ష్ గనికార్మికుల ఊళ్ల మీద ఇద్రిస్ డేవిస్ రాసిన కవితకు సీగరే బాణీ కట్టిన ‘ది బెల్స్ ఆఫ్ రిమ్నీ’ని కూడా వాళ్లు పాడారు. అందులోని గిటారు పలుకును హారిసన్ తన పాట కోసం తీసుకున్నాడు, తీసుకున్నానని ఒప్పుకున్నాడు కూడా. అతని దగ్గర నేర్చుకున్నది ఇలా తిరిగి అతని దగ్గరికే చేరింది. నాకు ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంతో ఇష్టం.

నీ స్నేహితులు 1965 జులై 25 నాటి న్యూపోర్ట్ జానపద సంగీత ఉత్సవం మాట తప్పకుండా ఎత్తుతారు. డిలన్ ఎలక్ట్రిక్ గిటారుతో వచ్చిన రోజు అది. మరుసటి ఏడాది మాంచెస్టర్‌లో ఒక శ్రోత అతన్ని ఏకంగా ‘జూడాస్!’ (క్రీస్తును పట్టించిన ద్రోహి పేరు) అని అరిచాడు. వాళ్ల కోపాన్ని తేలిగ్గా తీసిపారేయకు. పాటలోని మాట వినపడాలన్నది జానపదాన్ని ప్రేమించేవారి న్యాయమైన కోరిక. న్యూపోర్ట్‌లో తనను బాధించింది మాటలను మింగేసిన ఆ శబ్దమేనని సీగర్ తరువాత చెప్పాడు. వాదించడం మాని, మాట స్పష్టంగా వినపడే రాక్ రికార్డు ఒకటి వాళ్లకు వినిపించు.

అలాంటి రికార్డే నేను అన్నిటికంటే ఎక్కువగా నీకు చెప్పదలచినది: ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బ్యాండుది. ఈ లండన్ కుర్రాళ్లు మొదట్లో అమెరికన్ బ్యాండ్ల బాటలో నడిచారు. 1969 మేలో ఒక కచేరీ ముగించుకుని వస్తుండగా ఎం1 రహదారిపై వాళ్ల వ్యాను ప్రమాదానికి గురైంది. పందొమ్మిదేళ్ల డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు. బ్యాండు అక్కడితో ఆగిపోయేదే. కానీ ఆ వేసవిలో హాంప్‌షైర్‌లోని ఒక పల్లె ఇంట్లో చేరి, పాత కథాగీతాల మీద పనిచేశారు. బేస్ గిటారు వాయించే యాష్లీ హచింగ్స్ లండన్‌లో జానపద సంగీతానికి నిలయమైన సెసిల్ షార్ప్ హౌస్ గ్రంథాలయంలో కూర్చుని పాటలు వెతికాడు. డిసెంబరులో ‘లీజ్ అండ్ లీఫ్’ ఆల్బమ్ వచ్చింది. అందులోని ‘మ్యాటీ గ్రోవ్స్’, ‘టామ్ లిన్’ కథలు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అనే పండితుడు సేకరించిన 305 పాత కథాగీతాల్లోవే. నువ్వు మొదట కథ చదువు, ఆ తరువాత పాట పెట్టు. వాళ్ల గాయని శాండీ డెన్నీ ఒక్క మాట కూడా నమలదు, హత్య జరిగినప్పుడు కూడా గొంతు పెంచి ఏడవదు. పాత పాటగాళ్ల నిబ్బరం అదే. ‘మ్యాటీ గ్రోవ్స్’ కథ ముగిశాక కూడా పాట ఆగదు. డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలు, రిచర్డ్ థాంప్సన్ గిటారు దాన్ని నాట్య గతిలోకి లాక్కుపోతాయి. చెప్పకుండా మిగిలిన కోపం, దుఃఖం అంతా అక్కడ వాద్యాల్లో బయటపడతాయని నాకనిపిస్తుంది. ఎలక్ట్రిక్ వాద్యాల అవసరం ఏమిటని అడిగేవారికి నా జవాబు అదే.

అమెరికన్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ సంగతి క్లుప్తంగా: అందులో గిటారు వాయించే జెర్రీ గార్సియా కూడా బ్యాంజో మనిషే, వాళ్ల బ్యాండు ఒక జగ్ బ్యాండ్ (ఖాళీ జాడీ వంటి ఇంటి వస్తువులను కూడా వాయించే జానపద బృందం) నుంచి పుట్టింది. వాళ్లను ప్రత్యక్ష కచేరీ రికార్డుల్లో విను, కాస్త ఓపికతో.

ఇవేవీ ఫోను స్పీకరులో వినకు. బేస్ పోతుంది, బేస్ పోతే ఈ సంగీతంలో సగం పోయినట్టే. మంచి హెడ్‌ఫోన్లు లేకపోతే ఎవరివైనా అడిగి తెచ్చుకో. జానపద సాధన మాత్రం ఒక్క రోజు కూడా మానకు. ఆ పాటలు నీ గొంతులో ఉన్నంతకాలమే ఈ బ్యాండ్లు వాటితో ఏం చేశాయో నీకు వినపడుతుంది.

ఈ వారానికి ఒక్కటే పని: ప్రమాదానికి ముందు లాంబుల్ డ్రమ్ములతో ఫెయిర్‌పోర్ట్ రికార్డు చేసిన ‘ఎ సెయిలర్స్ లైఫ్’ విను. పదకొండు నిమిషాలు పైనే ఉంటుంది. ఫిడేలు, గిటారు ఎక్కడ ఒకదాన్నొకటి అందుకుంటాయో గుర్తుపట్టి నాకు రాయి. పెంటాంగిల్ అనే మరో ఇంగ్లిష్ బ్యాండు గురించి ఆ తరువాత చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దమామయ్య