ఆమెకు ప్రార్థన ఎందుకు?

పోప్ ఫ్రాన్సిస్ వంటి ప్రసిద్ధులు మరణించినప్పుడు లోకమంతా దుఃఖిస్తుంది కదా, కాథలిక్కులైన మీకు ఆ దుఃఖం ఎలా కనిపిస్తుంది అని అడిగారు. ఈ ప్రశ్నకు మా నాయనమ్మ 1997లోనే జవాబు చెప్పేసిందని నా నమ్మకం. అందుచేత ముందు ఆ సంగతే రాస్తాను.

మాది గుంటూరు జిల్లాలో ఫిరంగిపురం వైపు ఒక పల్లె. ఆ ఏడాది ఆగస్టు 31, ఆదివారం నాడు పారిస్‌లో జరిగిన కారు ప్రమాదంలో బ్రిటన్ యువరాణి డయానా మరణించింది. ఆ వారమంతా దూరదర్శన్ వార్తల వేళకు పక్కింటి వసారాలో చాపలు పరుచుకుని కూర్చున్నవాళ్లు, ఇంగ్లండు ఏ దిక్కున ఉందో తెలియనివాళ్లతో సహా, ఆమె గురించే మాట్లాడుకున్నారు. సెప్టెంబరు 5 ఆ నెలలో మొదటి శుక్రవారం, యేసు తిరుహృదయాన్ని ప్రత్యేకంగా తలచుకునే రోజు. ఆ భక్తి ఉన్న మా ఇంట్లో ఆ రోజు గుడిలో పూజ మానడమన్నది లేదు. ఆ రాత్రే కలకత్తాలో మదర్ తెరెసా కన్నుమూసింది. ఆ కబురు మాకు మర్నాడు పొద్దున రేడియోలో తెలిసింది.

శనివారం సాయంత్రం, డయానా అంత్యక్రియలు టీవీలో చూపిస్తున్న వేళ, నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని, ఊళ్లో జపాలు నేర్పి గుడి పనులు చూసే ఉపదేశి గారింటికి బయలుదేరింది. ఆదివారం పూజలో ఎవరి పేరు తలచుకోవాలన్నా ముందురోజే ఆయన దగ్గర రాయించుకోవాలి. ఆయనకు ఆకుపచ్చ అట్ట ఉన్న నోటుపుస్తకం ఒకటి ఉండేది. బతికున్నవాళ్ల పేర్లు నీలం సిరాతో, చనిపోయినవాళ్ల పేర్లు ఎర్ర సిరాతో రాసేవారు. నాయనమ్మ కొంగు ముడి విప్పి పది రూపాయల నోటు తీసి, తెరెసమ్మ పేరూ, డయానమ్మ పేరూ రాయమంది.

ఉపదేశి గారు కలం పట్టుకుని ఆగిపోయారు. “డయానా మన సభ మనిషి కాదు గదమ్మా. ఇక మదర్ అంటావా, ఆమె పునీతురాలు, మోక్షం చేరిపోయిన మనిషి. ఆమెను మనం వేడుకోవాలి గానీ, ఆమె కోసం మనం వేడుకోవడమేమిటి? ఆమెకు ప్రార్థన ఎందుకు?”

“ఆమె పునీతురాలని రోము నుంచి మాట వచ్చిందా, ఉపదేశి గారూ?”

“ఇంకా రాలేదులే.”

“అయితే వచ్చేదాకా రాయండి. ఆ పిల్ల సంగతంటారా, ఇద్దరు బిడ్డల తల్లి, దోవలో దెబ్బ తగిలి పోయింది. అందరూ ఏడ్చేవాళ్లే గానీ ఆమె కోసం ఒక పరలోక జపం చెప్పినవాళ్లెవరో నాకు కనపడలేదు.”

ఆయన రాశారు. మర్నాడు ఫాదర్ గారు చదివిన పేర్లలో, పాముకాటుకు పోయిన ఒక కూలీ పేరు తరువాత, ఏ బిరుదూ లేకుండా ఆ రెండు పేర్లూ వినిపించాయి.

సెప్టెంబరు 13న మదర్‌కు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. గాంధీ, నెహ్రూల పార్థివ దేహాలను మోసిన ఫిరంగి బండి మీదే ఆమెను కలకత్తా వీధుల గుండా తీసుకువెళ్లారు. ఆ రోజు టీవీలో ఆమె పుణ్యాన్ని పొగడనివారు లేరు. ఆమెను తీవ్రంగా విమర్శించినవారు కూడా లోకంలో ఉన్నారు. నా దృష్టిలో ఇద్దరూ చేసింది ఒకే పని: దేవుడు చెప్పవలసిన తీర్పును తామే చెప్పేయడం. 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వెలువడినప్పుడు, దశాబ్దాల తరబడి ఆమె తన లోపల దేవుని జాడ తెలియని చీకటిని అనుభవించిందని తెలిసి చాలామంది ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఆ ఎర్ర సిరా గుర్తుకొచ్చింది. లోకమంతా ‘ఈమెకేం, నేరుగా మోక్షమే’ అనుకున్న మనిషి ఉత్తరాల నిండా తన కోసం ప్రార్థించమనే వేడికోళ్లే ఉన్నాయి. చివరికి 2016 సెప్టెంబరు 4న రోములో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. నాయనమ్మ లెక్క ప్రకారం ఆమె పేరు ఎర్ర సిరా నుంచి తీసివేయవలసింది ఆ రోజున. ఆ మాట వినడానికి నాయనమ్మ అప్పటికి లేదు.

ఒక ఫిర్యాదు కూడా ఇక్కడే చెప్పుకుంటాను. ఎవరు పోయినా ఇప్పుడు అందరూ ‘ఆర్ఐపీ’ అని మూడక్షరాలు కొట్టి ఊరుకుంటున్నారు. అది లాటిన్‌లో ‘శాంతితో విశ్రమించుగాక’ అనే వేడుకోలు. దేవుణ్ని అడగవలసిన మాట. దాన్ని హాజరు వేయించుకోవడానికి వాడుకుంటున్నాం. మన ఊళ్లలో ఫ్లెక్సీల సంగతి చెప్పనే అక్కర్లేదు: పోయినవారి బొమ్మ ఒక మూలన, నివాళి అర్పించేవారి బొమ్మలు మిగిలిన స్థలమంతా. మరణ పూజలో ప్రసంగం ఉండవచ్చు గానీ పోయినవారిని పొగిడే ఉపన్యాసం ఉండరాదని మా పూజా నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. అయినా నాయకులు మైకు అందుకుంటే ఫాదర్ గారు పక్కన నిలబడి గడియారం చూసుకోవలసి వస్తోంది.

2009 సెప్టెంబరు 2న నల్లమలలో హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు మరణించినప్పుడు, ఆ ఆదివారం మా గుడిలో ఆయన కోసం ప్రార్థించారు. ఆయన కాథలిక్కు కాదు. గుడిలో సగం మంది కన్నీళ్లు పెట్టుకున్నారు, వేరే పార్టీవాళ్లు కొందరు ముఖాలు ముడుచుకున్నారు. అప్పుడు కూడా బలిపీఠం దగ్గర వినిపించింది ఆయన పేరొక్కటే. పదవి లేదు, పథకాల పేర్లు లేవు. ముఖాలు ముడుచుకున్నవాళ్లు కూడా చివర ‘ఆమెన్’ అనవలసి వచ్చింది. అది మంచి పద్ధతే అని నేను ఇప్పటికీ అంటాను.

ఇక పోప్ ఫ్రాన్సిస్. 2013 మార్చి 13న ఎన్నికైన రాత్రి, ప్రజలను దీవించే ముందు ఆయన తల వంచి తన కోసం ప్రార్థించమని వాళ్లనే అడిగారు. ఆ తరువాత పన్నెండేళ్లూ ఎక్కడ మాట్లాడినా చివర అదే కోరేవారు. 2025 ఏప్రిల్ 20న, పునరుత్థాన పండుగ (ఈస్టర్) నాడు, వచ్చినవాళ్లను దీవించి, మర్నాడు ఉదయం కన్నుమూశారు. సమాధి మీద ‘ఫ్రాన్సిస్కుస్’ అన్న పేరు తప్ప మరేమీ చెక్కవద్దని మరణశాసనంలో రాసుకున్నారు. మన ఛానెళ్లు మాత్రం ఆయన భూస్థాపన జరగకముందే, తరువాతి పోప్ ఎవరు, ఆ ఎన్నికలో ఓటున్న మన హైదరాబాదు అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) కార్డినల్ పూల ఆంథోనీ గారికి అవకాశం ఉందా అని చర్చలు పెట్టాయి. ఒక తెలుగువాడు ఆ ఎన్నికలో ఓటు వేయడం నాకూ గర్వకారణమే గానీ, ఐదు రోజులు ఓపిక పట్టవచ్చు కదా.

ఆ సోమవారం మధ్యాహ్నానికే మా బంధువుల వాట్సాప్ గ్రూపు పూలదండ వేసిన ఫోటోలతో నిండిపోయింది. ‘అందరూ ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పండి’ అని నేను రాశాను. బెంగళూరులో ఉన్న మా తమ్ముడి కూతురు వెంటనే అడిగింది: ‘పెదనాన్నా, ఆయన పోప్ కదా, ఆయనకు ఎందుకు?’ దానికి ఫోన్ చేసి, ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం సంగతి మొదటినుంచీ చెప్పాను.