మసకబారిన కారు అద్దం: చెల్లెలి కూతురికి ఒక ఉత్తరం

షెఫీల్డ్, ఇంగ్లండు,
నవంబరు 18.

చిరంజీవి ప్రసన్నకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఆదివారం నీవు ఫోనులో నవ్వుతూ చెప్పిన సంగతి నాకు నవ్వు తెప్పించలేదు. ఉదయం ఏడు గంటల డ్యూటీకి ఆలస్యమవుతోందని, ముందు అద్దమంతా ఆవిరి పట్టి ఉండగానే అరచేతితో ముఖమంత మేర తుడుచుకుని, ఆ సందులోంచి చూసుకుంటూ ఆసుపత్రి దాకా వెళ్లానన్నావు. డిస్ట్రిక్ట్ నర్సుగా ఇరవై ఎనిమిదేళ్లు ఈ ఊరి గుట్టలెక్కి దిగుతూ ఇంటింటికీ తిరిగి రోగులకు కట్లు కట్టినదాన్ని కనుక, ఆ అరచేతి వైద్యం నాకు బాగా తెలుసు. మొదటి రెండు చలికాలాలు నేనూ అదే చేశాను. ఒక జనవరి ఉదయాన, తుడిచిన చోట మిగిలిన జిడ్డు చారల మీద ఎదురెండ పడి అద్దమంతా తెల్లగా వెలిగిపోయింది. రౌండెబౌట్‌లో కుడివైపు నుంచి వస్తున్న సైకిలు మనిషి నాకు కనబడనే లేదు. ఆయన బ్రేకు వేసుకున్నాడు కనుక ఇద్దరం బతికిపోయాం. ఇక్కడ డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి పదిహేను డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. రోజంతా ఎండ కళ్లలోకే కొడుతుంది. అందుచేత ఈ సంగతిని ఫోనులో రెండు మాటలతో వదిలేయకుండా ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ నీరు ఎక్కడిదో తెలుసుకో. బయటంతా మంచు కురుస్తుంటుంది కనుక తడి బయటినుంచే వచ్చిందని అనుకుంటాం. అద్దం లోపలి వైపు పట్టే ఆవిరి మాత్రం కారు లోపలి గాలిదే. చల్లటి మజ్జిగ పోసిన స్టీలు గ్లాసు ఎండాకాలంలో చెమర్చడం చిన్నప్పటినుంచీ చూస్తున్నావు. అక్కడ గ్లాసు చేసే పనే ఇక్కడ అద్దం చేస్తుంది. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని తనలో ఉంచుకోగలదు. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాముల నీటిని ఇముడ్చుకుంటే, 10 డిగ్రీల దగ్గర తొమ్మిదిన్నర గ్రాములకు లోపే ఇముడ్చుకుంటుంది, సున్నా దగ్గర ఐదు గ్రాములైనా పట్టదు. నీ చిన్న కారులో ఉండేది దాదాపు మూడు ఘనపు మీటర్ల గాలి. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా గంటకు 40 గ్రాముల దాకా ఆవిరి వదులుతాడు. అంటే, తడి కోటు, బురద బూట్లు, చినుకులు కారే గొడుగు లెక్కలోకి రాకముందే, నీ ఒక్కదాని ఊపిరే గంటలోపు ఆ గాలిని నింపేయగలదు. ఇక మిగిలిన తేమకు దొరికే అతి చల్లని చోటు అద్దమే కనుక అక్కడికే చేరుతుంది.

ఇంత శాస్త్రం ఎందుకంటే, కాకినాడనుంచి మనం వెంట తెచ్చుకున్న రెండు అలవాట్లు ఇక్కడ సరిగ్గా తలకిందులు పనిచేస్తాయి. మన ఊళ్లో దుమ్ముకూ లారీల పొగకూ భయపడి, కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగినట్టుండే ఆ బటన్ నొక్కి, లోపలి గాలినే లోపల తిప్పుకుంటాం. ఇక్కడ అలా చేస్తే నీ ఊపిరిని నీ అద్దానికే పూస్తున్నట్టు. రెండవది, ఏసీ అంటే చల్లదనానికే అనుకోవడం. చలికి వణుకుతూ ఏసీ వేసుకునే వెర్రివాళ్లు ఉంటారా అని మీ అమ్మ నన్ను ఒకసారి అడిగింది. ఏసీలో గాలి మొదట ఒక చల్లని జల్లెడలాంటి భాగం గుండా పోతుంది, దానిలోని నీరు అక్కడే బొట్లుగా రాలి కారు కిందికి కారిపోతుంది; పొడిబారిన ఆ గాలిని తరువాత హీటరు వేడి చేస్తుంది. ఏసీ, హీటరు రెండూ ఒకేసారి వేయడం పెట్రోలు దండగ అని నాకూ మొదట్లో అనిపించింది గానీ, పొడి గాలి, వేడి గాలి రెండూ కలిసి అద్దం మీదికి వెళ్లినంత వేగంగా మరేదీ ఆవిరిని తీయలేదు.

ఇక్కడ నీకొక సందేహం రావాలి. బయట అంత మంచు ఉంటే, ఆ తడి గాలిని లోపలికి రానివ్వడమేమిటి? ఈ విషయం నాకు ఒంటబట్టడానికి ఏళ్లు పట్టింది. సున్నా డిగ్రీల పొగమంచు గాలి చూడడానికి ఎంత తడిగా ఉన్నా, దానిలో ఆవిరిగా ఉన్న నీరు ఘనపు మీటరుకు ఐదు గ్రాములలోపే. అదే గాలిని హీటరు 20 డిగ్రీలకు వేడి చేసేసరికి పదిహేడు గ్రాములకు చోటున్న గాలిలో ఐదే గ్రాములున్నట్టు లెక్క, అంటే తేమ ముప్పై శాతమైనా ఉండదు. మే నెలలో మిట్టమధ్యాహ్నం మన డాబా మీద ఆరేసిన వడియాలకు తగిలే గాలి ఎంత ఆవురావురుమని తడిని పీల్చుకుంటుందో, ఇదీ అలాగే పీల్చుకుంటుంది. అందుకని బయట ఎంత చిత్తడిగా ఉన్నా బయటి గాలినే రానివ్వు.

ఉదయం చేయవలసిన పని వరుస చెబుతాను. కారెక్కకముందే కోటు విప్పి దులిపి, గొడుగుతో సహా డిక్కీలో పడెయ్యి; చలిగా ఉంటుందని వేసుకునే కూర్చుంటే ఆ తడంతా అద్దానికెక్కుతుంది. ఇంజిను వేయగానే విసనకర్ర ఆకారంలో వంపు తిరిగిన అద్దం బొమ్మ ఉన్న బటన్ నొక్కు. చాలా కార్లలో అది నొక్కితే ఏసీ, బయటి గాలి వాటంతటవే వస్తాయి, అయినా ఆ రెండు బటన్ల దీపాలూ ఒకసారి చూసుకో. గాలి ఊదే బ్లోయరు పూర్తిగా పెట్టి, వేడి పెంచి, వెనక అద్దపు హీటరు కూడా వేసి, రెండు పక్క కిటికీలను వేలెడు మేర దించు. కిటికీలు దించమనడం విని నవ్వకు. లోపల పేరుకున్న తడి గాలికి బయటికి దారి కావాలి కదా. ఇంజిను వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఈలోగా ఏసీయే ఎక్కువ పని చేస్తుంది. అయితే బయట మూడు నాలుగు డిగ్రీలకు దిగితే చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ తనను తాను ఆపేసుకుంటుంది. అటువంటి రోజుల్లో దీపం వెలుగుతున్నా గాలిని ఆరబెట్టేది హీటరే కనుక, ఇంకో ఐదు నిమిషాలు ముందుగా ఇంట్లోంచి బయలుదేరు. అద్దం తేటపడ్డాక ఏసీ తీసేయకు. ఆ చల్లని భాగం మీద పట్టిన నీరు తిరిగి ఆవిరై, వేడి గాలితో కలిసి ఒక్కసారిగా అద్దాన్ని కమ్మేస్తుంది; నడుస్తున్న కారులో అది జరిగితే నీవు భయపడిపోతావు.

నీకు ఇదంతా కొత్త కాకూడదు. ఇక్కడి డ్రైవింగు పరీక్షలో, 2017 డిసెంబరు 4 నుంచి, కారు నడుపుతుండగానే ముందు అద్దం మీద ఆవిరి ఎలా తీస్తావో చేసి చూపించమని అడిగే ప్రశ్న ఒకటుంది. నీకు బహుశా దానికి బదులు హారన్ మోగించే ప్రశ్న వచ్చి ఉంటుంది. నియమాల సంగతీ గుర్తుంచుకో: ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లోని 229వ నియమం ప్రకారం బయలుదేరేముందు అన్ని అద్దాల మీద మంచూ ఆవిరీ పూర్తిగా పోయి ఉండాలి. లైసెన్సు వచ్చిన రెండేళ్లలోపు తప్పులకు శిక్షగా వేసే పాయింట్లు ఆరు పడితే అది రద్దవుతుంది, మళ్లీ పరీక్షలన్నీ మొదటినుంచి రాయాలి. నీది ఇంకా ఏడాదే. కారు వేడెక్కుతుందిలే అని వీధిలో ఇంజిను వేసి వదిలి, టీ తాగడానికి ఇంట్లోకి పోకు. అది కూడా నియమవిరుద్ధమే, పైగా తాళం చెవితో ఎవరైనా ఎత్తుకుపోతే బీమా కంపెనీ వాళ్లు మొహం చాటేస్తారు.

అద్దం శుభ్రత గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అందరూ బయటివైపు కడిగి లోపలివైపు మరిచిపోతారు. డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి, మన ఊపిరి నుంచి, అరచేతుల నుంచి లోపలి అద్దానికి ఒక పల్చటి జిడ్డు పొర పడుతుంది. ఆవిరి చిన్న చిన్న బొట్లుగా పేరుకోవడానికి ఆ పొర మంచి ఆధారం. రెండు మైక్రోఫైబర్ గుడ్డలు పెట్టుకో, ఒకటి ద్రవంతో తుడవడానికి, రెండవది పొడిగా మెరుపు పెట్టడానికి. ఉతికేటప్పుడు వాటికి కండిషనర్ పోయకు, అదే జిడ్డు మళ్లీ అద్దానికి చేరుతుంది. నీళ్లలో కొంచెం తెల్ల వెనిగర్ కలిపినా చాలు. అద్దం కింది మూలకు చేయి అందదు, అక్కడే జిడ్డు ఎక్కువ. గుడ్డను చెక్క గరిటె వెనక చుట్టి తోసెయ్యి. షేవింగు నురగ రాస్తే ఆవిరి పట్టదని నీ స్నేహితురాలు చెప్పిందన్నావు. అబద్ధం కాదు, సబ్బు పొర వల్ల నీరు బొట్లు కట్టకుండా పల్చగా పరుచుకుంటుంది. అయితే రాత్రి ఎదుటి దీపాలకు ఆ పొర మీద వెలుగు చెదురుతుంది. స్నానాల గది అద్దానికి సరే, కారుకు వద్దంటాను.

ఇవన్నీ చేసినా రోజూ ఆవిరి పట్టి, పొద్దున అద్దం లోపలివైపే మంచు గీతలు కనిపిస్తే, కారులో ఎక్కడో నీరు నిలిచి ఉన్నట్టే. నా పాత కారుకు ఒక చలికాలమంతా ఇదే జబ్బు. ఒక గ్యారేజీవాళ్లు చూసి, హీటరులోని చిన్న రేడియేటర్ కారుతోందని, డాష్‌బోర్డంతా విప్పాలని పెద్ద మొత్తం చెప్పారు. అది నిజమైతే కారులో తియ్యటి వాసన రావాలి, అద్దం మీద నూనెలాంటి మరక పడాలి, ఇంజినును చల్లబరిచే కూలెంటు ద్రవం నెలనెలా తగ్గాలి. నా కారులో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఆ మాట అడిగేసరికి గ్యారేజీ మనిషి చూపు తిప్పుకున్నాడు. ఇంటికొచ్చి బానెట్ ఎత్తి, వైపర్ల కింద ఉండే తొట్టిలాంటి చోట చేయి పెట్టి చూశాను. రెండు గుప్పిళ్ల కుళ్లిన ఆకులు! నీరు పోయే రంధ్రం మూసుకుపోయి, వాననీరు గాలి దారి గుండా లోపలికొచ్చి, ముందు సీటు కింది తివాచీ అడుగున మడుగు కట్టింది. ఆ తివాచీ కింద అంగుళం మందం స్పాంజి ఉంటుంది, పైన పొడిగా తగిలినా లోపల లీటర్ల నీటిని దాచుకుంటుంది. ఆరబెట్టడానికి నాకు పది రోజులు పట్టింది. నీ కారును రాత్రిళ్లు చెట్టు కిందే నిలుపుతున్నావు కనుక, నీవు ముందు చూడవలసింది ఆ చోటే. ఆ తరువాత గాలి వడపోసే ఫిల్టరు. అది దుమ్ముతో మూసుకుపోతే బ్లోయరు ఎంత అరిచినా గాలి రాదు. ఆ తరువాత తలుపు రబ్బర్లు, పైకప్పు తెరుచుకునేది ఉంటే దాని నీటి గొట్టాలు.

చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలను పెద్దవిగా చేసి సంచుల్లో అమ్ముతారు, డాష్‌బోర్డు మీద పెట్టుకోవచ్చు. రంగు మారగానే వాటిని మైక్రోవేవ్‌లో ఆరబెట్టాలి. ఉప్పు జాడీలో మీ అమ్మ వేసే బియ్యపు గింజల పాటి మేలు చేస్తాయి. తివాచీ కింద లీటరు నీరుంటే మాత్రం వాటితో పని కాదు.

అద్దం బయటివైపు గడ్డకట్టిన మంచు మీద వేడి నీళ్లు పోయకు, పగులుతుంది. రాత్రి అద్దం పైన ఒక కవరు కప్పితే ఉదయం పని సగం తగ్గుతుంది. సాయంత్రం ఇల్లు చేరే ముందు చివరి నిమిషం కిటికీలు తెరిచి, లోపలి వెచ్చని తడి గాలిని బయటికి పోనిచ్చి కారు ఆపు; ఉదయానికి అద్దం మీద పేరుకోవడానికి తేమ అంతగా మిగలదు.

జనవరిలో నీవు కాకినాడ వెళితే ఇవన్నీ అక్కడ వాడబోకు. సముద్రపు గాలిలో ఏసీ గట్టిగా వేసినప్పుడు అద్దానికి బయటివైపు చెమ్మ పడుతుంది. మీ మామయ్య దానికి ఇంకా ఏసీ పెంచి, కనిపించక తిట్టుకోవడం నేను చూశాను. అక్కడ వైపరు ఒకసారి తిప్పి, చల్లగాలిని అద్దం మీదినుంచి మళ్లిస్తే చాలు. చెమ్మ ఏ వైపుదో తెలియకపోతే లోపలినుంచి వేలుతో గీసి చూడు. గీత పడితే లోపలిది.

ఈ శనివారం సెలవన్నావు కదా. పగటి వెలుతురులో ముందు సీటు కింది మ్యాట్ తీసి, తివాచీ మీద పాత న్యూస్‌పేపరు పరిచి, దాని మీద మోకాలితో గట్టిగా నొక్కి చూడు. కాగితం తడిసిందో లేదో ఆ సాయంత్రమే నాకు ఫోను చెయ్యి. తడిస్తే ఆదివారం ఉదయం చేతి తొడుగులు, పాత తువ్వాళ్లు, చిన్న హీటరు పట్టుకుని నేనే వస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ